ఐరోపా చరిత్రలోని మలుపులు: మన తీరం దాకా వచ్చినవి ఏవి?

ప్రశ్న (మద్దిలపాలెం నుంచి, ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని)

పెద్దలందరికీ నమస్కారం. వచ్చే నెలలో నేను తరగతిలో ఒక సెమినారు పత్రం చదవాలి. ఐరోపా చరిత్రలోని ప్రధానమైన మలుపులు, వాటి దీర్ఘకాలిక ప్రభావాలు అన్నది నాకిచ్చిన అంశం. నా నోట్సులో అయిదు తేదీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి: 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనం, 1517లో లూథర్ మతసంస్కరణ, 1648లో ముప్పై ఏళ్ళ యుద్ధాన్ని ముగించిన వెస్ట్‌ఫేలియా ఒప్పందాలు, 1789లో ఫ్రెంచి విప్లవం, 1914లో మొదటి ప్రపంచ యుద్ధం. ప్రతి తేదీకీ నాలుగు కారణాలు, నాలుగు ఫలితాలు రాసుకున్నాను. అవన్నీ కంఠతా వచ్చు. అయితే వాటిని మలుపులని ఎందుకంటున్నామో నా సొంత మాటల్లో చెప్పమంటే మాత్రం నోరు పెగలడం లేదు.

పోయిన ఆదివారం మా నాన్నగారితో కలిసి భీమిలి వెళ్ళి అక్కడి డచ్చివారి శ్మశానం చూశాను. సున్నం రాలిపోయి ఇటుకలు బయటపడిన గోరీల మధ్య ఒక రాతి పలక మీది అక్షరాలను వేలితో తడుముకుంటూ చదవడానికి ప్రయత్నిస్తుంటే, మా నాన్నగారు పక్కన నిలబడి, "ఇంత దూరం వచ్చి ఇక్కడ ప్రాణాలు వదలవలసిన అవసరం వీళ్ళకేమొచ్చిందమ్మా?" అని అడిగారు. నా నోట్సులోని ఇరవై ఫలితాల్లో ఒక్కటీ ఆ ప్రశ్నకు జవాబు కాలేదు.

కాబట్టి రెండు విషయాలు అడుగుతున్నాను. ఒక సంఘటనను మలుపు అనడానికి కొలబద్ద ఏమిటి? ఆ మలుపుల్లో మన విశాఖ తీరం దాకా వచ్చి, ఇప్పటికీ మన జీవితంలో మిగిలి ఉన్నవి ఏవి?


సమాధానం (భీమిలి నుంచి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

అమ్మా, మీ నాన్నగారి ప్రశ్న మీ నోట్సు కంటే ముందుంది. అందుచేత అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ గోరీల్లో ఉన్నవారిని మన పూర్వులు ఒలందులు అనేవారు. హాలండు అన్న మాట మన నోటిలో అలా తిరిగింది. ఫ్రెంచివారు పరాసులయ్యారు, పోర్చుగీసువారు బుడతకీచులయ్యారు. మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అన్న పేర్లు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ ఒలందులు 16వ శతాబ్దంలో స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉన్నవారు. 1568లో వారు మొదలుపెట్టిన తిరుగుబాటు, మధ్యలో 12 ఏళ్ళ సంధికాలం మినహా, 1648 దాకా సాగింది. ఈలోగా 1580లో స్పెయిన్ రాజే పోర్చుగల్‌కు కూడా రాజయ్యాడు. దానితో అంతవరకూ లిస్బన్ రేవులో మిరియాలు, లవంగాలు కొనుక్కుంటూ వచ్చిన ఒలందు వర్తకులకు ఆ దారి ఇరుకైపోయింది. ఇక తామే తూర్పు సముద్రాలకు బయలుదేరక తప్పలేదు. 1602లో వారి ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది, 1605లో వారి ఓడ మచిలీపట్నం చేరింది. జాజికాయ, లవంగం పండే తూర్పు దీవుల జనం వెండి నాణేల కంటే మన తీరంలో నేసిన బట్టను ఎక్కువగా కోరుకునేవారు. అందువల్ల ఆ బట్ట కోసం ఒలందులు ఈ తీరం పొడవునా కొఠీలు, అంటే వర్తక స్థావరాలు, పెట్టారు. భీమునిపట్నం వాటిలో ఒకటి. మీ నాన్నగారితో ఇలా చెప్పండి: స్పెయిన్‌తో వారికున్న వైరం, మన సాలెవారి మగ్గం, ఈ రెండూ కలిసి వాళ్ళను ఇక్కడికి తీసుకొచ్చాయి.

ఇప్పుడు కొలబద్ద సంగతి. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మీదట నేను రెండు పరీక్షలు పెట్టుకున్నాను. మొదటిది, ఆ సంఘటన తరువాత పాత స్థితికి తిరిగి వెళ్ళాలని ఎవరు ఎంత ప్రయత్నించినా వెళ్ళలేకపోవాలి. రెండవది, దానితో ఏ ప్రమేయమూ లేనివారి ఇళ్ళలోకి, దానిని తలపెట్టినవారు కలలోనైనా ఊహించని చోట్లకు, అది చేరాలి. యుద్ధం ఎంత పెద్దదైనా, రాజు ఎంత గొప్పవాడైనా, ఈ రెండింటిలో నిలవకపోతే అది చరిత్రలో పెద్ద సంఘటన మాత్రమే, మలుపు కాదు.

ఈ పరీక్షకు 1453ను నిలబెట్టి చూడండి. తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకోవడం వల్ల సుగంధద్రవ్యాల దారి మూతపడిందనీ, అందుకే ఐరోపావారు సముద్రం మీద పడ్డారనీ చాలా పుస్తకాల్లో ఉంటుంది. పోర్చుగీసువారు ఆఫ్రికా గడ్డపై సియూటాను పట్టుకున్నది 1415లో. పశ్చిమాఫ్రికా తీరంలోని బొజదోర్ అగ్రాన్ని దాటి దక్షిణానికి వెళ్ళింది 1434లో. అంటే నగరం పడిపోవడానికి ఎంతో ముందే వారి ఓడలు కదిలాయి. గ్రీకు పండితులు ఇటలీకి పారిపోయి వచ్చినందువల్లే సాంస్కృతిక పునరుజ్జీవనం మొదలైందన్న మాటకూ ఇదే చిక్కు ఉంది. క్రిసోలొరాస్ అనే గ్రీకు పండితుడు ఫ్లోరెన్సులో పాఠాలు మొదలుపెట్టింది 1397లో. 1453 కాన్‌స్టాంటినోపుల్ ప్రజలకు మహావిపత్తు, ఆగ్నేయ ఐరోపాకు కొన్ని శతాబ్దాల తలరాత. ఇందులో సందేహం లేదు. అయితే పశ్చిమ ఐరోపా కదలికకు దానినే కారణంగా చూపడం, బండి వెళ్ళిపోయాక గుర్రాన్ని కట్టడం వంటిది.

1517 కథ వేరు. దానిని ఒంటరిగా చదవకండి, 1415 పక్కన పెట్టి చదవండి. బొహీమియా దేశపు యాన్ హుస్ అనే మతాచార్యుడు చర్చి సొమ్ము దాహాన్ని, పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని లూథర్ కంటే నూరేళ్ళ ముందే ఖండించాడు. 1415లో కాన్‌స్టన్స్ నగరంలో ఆయనను సజీవదహనం చేశారు. ఆయన అనుచరులు బొహీమియాలో ఏళ్ళ తరబడి పోరాడారు గాని, ఆ మంట ఐరోపా అంతటికీ అంటుకోలేదు. 1517 అక్టోబరు 31న లూథర్ తన 95 వాదాంశాలను ఆర్చిబిషప్పుకు పంపాడు. కొద్ది నెలల్లో అవి జర్మను నగరాలన్నిటా చేతులు మారాయి. ఇద్దరి ధైర్యంలో తేడా ఏమీ లేదు. ఇద్దరికీ మధ్య, 1450 ప్రాంతంలో, మైంజ్ నగరంలో గుటెన్‌బర్గ్ విడి అక్షరాల అచ్చుయంత్రం పెట్టాడు. అసలు తేడా అదే. ఒక మనిషిని కాల్చగలరు, ఒక చేతిరాత ప్రతిని కాల్చగలరు, కాని వందల ఇళ్ళకు చేరిపోయిన అచ్చు కాగితాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. నా మొదటి పరీక్షలో ఇది పూర్తిగా నెగ్గుతుంది.

రెండవ పరీక్ష చూడండి. ప్రతి మనిషీ దైవవాక్యాన్ని తన భాషలోనే చదువుకోవాలన్న లూథర్ పట్టుదల జర్మనీలోని హాలె నగరపు భక్తులకు చేరింది, అక్కడి నుంచి డెన్మార్కు రాజు పంపిన మిషనరీలతో తరంగంబాడి చేరింది. వారిలో ఒకడైన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండగా తెలుగు నేర్చుకున్నాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళాక 1746లో హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన అక్షరాలు మొదటిసారి అచ్చుయంత్రం కిందికి వెళ్ళింది మన నేల మీద కాదు, జర్మనీలో. మన విశాఖ పాత్ర ఆ తరువాతది. 1805లో లండన్ మిషనరీ సంఘం తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు ఇక్కడికి వచ్చి, ఆనందరాయరు అనే తెలుగు పండితుని సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఆ ఇద్దరూ అయిదేళ్ళు తిరగకుండానే మరణించారు. వారి అనువాదం ఆ తరువాత బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. లూథర్ తన గదిలో కూర్చుని లాటిన్‌లో వాదాంశాలు రాసుకుంటున్నప్పుడు తెలుగు వర్ణమాల ఆయన ఊహలో ఉందంటే ఎవరు నమ్ముతారు?

1648 గురించి ఒక్క మాట. ఆధునిక సార్వభౌమ రాజ్యాల వ్యవస్థ ఆ రోజే పుట్టిందని రాసే అలవాటు ఉంది. ఒప్పందాల పాఠంలో ఎక్కువ భాగం జర్మను రాజుల హక్కులకు, మతాల మధ్య సర్దుబాట్లకు సంబంధించినదే. ఆ పెద్ద అర్థం తరువాతి తరాలవారు చదువుకున్నది. స్పష్టంగా జరిగిన విషయం ఏమిటంటే, ఆ ఒప్పందాలు జరిగిన మున్‌స్టర్ నగరంలో స్పెయిన్ ఒలందుల స్వాతంత్ర్యాన్ని అంగీకరించింది. భీమిలి గోరీల్లో నిద్రిస్తున్నవారి దేశానికి గుర్తింపు దొరికింది ఆ ఏడాదే.


సమాధానం (వన్‌టౌన్ నుంచి)

మాస్టారు చెప్పినదానిని గౌరవిస్తూనే, ఈ జాబితాలో లేని ఒక మలుపును చేర్చమని కోరుతున్నాను. అది 1756 నుంచి 1763 వరకు జరిగిన ఏడేళ్ళ యుద్ధం. ఐరోపాలో ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య సైలీషియా అనే సీమ కోసం సాగిన పోరు, బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య సముద్రాల మీద సాగిన పోరు కలిసిపోయిన యుద్ధమిది. విశాఖలో పుట్టి పెరిగినవారు దీనిని వదిలేసి ఐరోపా చరిత్ర రాయడం నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే, ఆ యుద్ధం మన వీధి దాకా వచ్చింది.

1753లో నైజాం సలాబత్ జంగు నుంచి పరాసులు ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా సీమను, పొందారు. వారి సేనాని బుస్సీ ఈ సీమకు వచ్చి, విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన నిలిచాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట నేలమట్టమైంది. ఆ యుద్ధాన్ని మన బుర్రకథలవారు తాండ్ర పాపారాయుడి శౌర్యంగా, రెండు రాజవంశాల పగగా పాడారు, అది నిజమే. అయితే అక్కడ పేలిన ఫిరంగి ఐరోపా ఫిరంగి. అది ఇక్కడ ఎందుకుందో ఆ కథలో పెద్దగా రాదు. అదే ఏడాది జూన్‌లో, ప్లాసీ యుద్ధం జరిగిన నెలలోనే, విశాఖపట్నంలోని ఇంగ్లీషువారి కొఠీ బుస్సీ వశమైంది. బెంగాలులో ఇంగ్లీషువారు గెలుస్తూ ఉంటే ఇక్కడ ఓడిపోయారు. ఆ క్షణాన నిలబడి చూసినవారికి మన ప్రాంతం భవిష్యత్తులో ఫ్రెంచి మాట్లాడుతుందని అనిపించి ఉంటే తప్పు లేదు.

మరుసటి ఏడాదికే అంతా తలకిందులైంది. బుస్సీని పైఅధికారి లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు. విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు పరాసుల మీద తిరగబడి, విశాఖను పట్టుకుని, ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డు సేనతో ఓడల మీద వచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో పరాసులు ఓడిపోయారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా, 1766లో నైజాంతో ఒప్పందం, ఆ రెండింటితో ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి ఈస్టిండియా కంపెనీ చేతిలో పడ్డాయి. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే. ఆ మేకును పెరకడానికి మనకు మరో 180 ఏళ్ళు పట్టింది. మాస్టారు పెట్టిన రెండు పరీక్షల్లోనూ 1763 నెగ్గుతుందని నా నమ్మకం.

ఫ్రెంచి విప్లవం తరువాతి యుద్ధాలు కూడా మన రేవును వదలలేదు. 1804 సెప్టెంబరు 15న, నెపోలియన్ పట్టాభిషేకానికి సుమారు మూడు నెలల ముందు, ఫ్రెంచి నౌకాధిపతి లినోయి మూడు యుద్ధనౌకలతో వచ్చి, విశాఖ తీరాన లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే బ్రిటిషు నౌక మీద దాడి చేశాడు. దాని రక్షణలో ఉన్న రెండు వర్తక నౌకల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుని ధ్వంసమైంది, రెండవది పరాసులకు చిక్కింది. ఒలందుల కథ కూడా ఆ కాలంలోనే ముగిసింది. 1795లో విప్లవసేనలు హాలండులో ప్రవేశించగా అక్కడి పాలకుడు ఇంగ్లండుకు పారిపోయి, తమ స్థావరాలను బ్రిటిషువారికి అప్పగించమని లేఖలు రాశాడు. ఈ తీరంలోని వారి కొఠీలు ఇంగ్లీషువారి అధీనంలోకి వెళ్ళి, నెపోలియన్ పతనం తరువాత తిరిగి చేతికొచ్చి, 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో శాశ్వతంగా చేజారాయి. మీరు వేలితో తడిమిన ఆ రాతి పలక యజమానుల చరిత్ర 1648తో గుర్తింపు పొంది, 1789తో పునాది కదిలి, 1825తో ముగిసింది.


ప్రశ్న అడిగిన విద్యార్థిని

మాస్టారికీ, వన్‌టౌన్ నుంచి రాసిన వారికీ కృతజ్ఞతలు. బొబ్బిలి యుద్ధాన్ని చిన్నప్పటి నుంచి వింటున్నాను గాని, దానిని ఐరోపా యుద్ధం పక్కన పెట్టి ఎన్నడూ చూడలేదు. ఇంకా రెండు సందేహాలున్నాయి. పారిశ్రామిక విప్లవానికి ఒక తేదీ లేదు కదా, తేదీ లేనిదానిని మలుపు అనవచ్చునా? అలాగే 1789 ప్రభావమంటే స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని రాసి ఊరుకోవడం నాకు తృప్తిగా లేదు. చేతితో పట్టుకోగలిగినది ఏదైనా ఉంటే చెప్పండి.


సమాధానం (గాజువాక నుంచి, పుట్టినిల్లు పొందూరు)

మొదటి సందేహానికి మా ఇంటి సంగతితో జవాబు చెబుతాను. మా అమ్మమ్మ పొందూరులో నూలు వడికేది. కొండపత్తిని ముందుగా వాలుగ చేప దవడతో దువ్వేది. ఆ దవడలోని పళ్ళు సన్నని దువ్వెన పళ్ళలా ఉంటాయి. గింజ చుట్టూ అంటుకున్న పీచు ఆ పళ్ళ మధ్య నుంచి జారుతూ వస్తుంటే, మట్టీ ఆకుముక్కలూ రాలిపోయి, పత్తి పాలనురుగులా తేలేది. ఆ తరువాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, చివరకు రాట్నం మీద వడకడం. ఒక్క చీరకు సరిపడే నూలు వెనుక ఎందరు ఆడవాళ్ళ ఎన్ని రోజులున్నాయో మేము లెక్క పెట్టలేదు. మాకు అది లెక్క కాదు, రోజు గడిచే తీరు.

ఇంగ్లండువారు మొదట ఈ పనితనానికి భయపడ్డారు. తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళ గోడు విని 1700లో మన అద్దకపు బట్ట దిగుమతిని నిషేధించారు. 1721లో అటువంటి బట్ట కట్టుకోవడాన్నే చాలావరకు నిషేధించారు. అంటే వారి యంత్రం కంటే ముందు వారి చట్టం పుట్టింది. ఆ చట్టం నీడలో హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటి చట్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్ అనే నూలు వడికే యంత్రాలు వచ్చాయి. యంత్రపు నూలు మన నూలంత సన్నగా, అంతకంటే చవకగా రావడం మొదలయ్యాక, ఇప్పుడు మనమే వారి సరుకు కొనాలి. 1813 చార్టరు చట్టంతో కంపెనీ గుత్తాధిపత్యం పోయి, మాంచెస్టరు వర్తకులకు మన రేవులు తెరుచుకున్నాయి.

పాఠ్యపుస్తకాలు చేనేత నాశనమైందని ఒక్క మాటలో రాసేస్తాయి. నా మనవి ఏమిటంటే, ముందుగా కూలిపోయింది మగ్గం కాదు, రాట్నం. నేతగాడు మిల్లు నూలు కొనుక్కుని పడుగూ పేకా వేసుకుని ఎలాగో బతకగలిగాడు. ఇంటి పనుల మధ్య నూలు వడికి నాలుగు కాసులు కళ్ళజూసుకునే ఆడవాళ్ళకు ఆ ఆసరా లేకుండా పోయింది. వితంతువులకైతే చాలాసార్లు అదొక్కటే జీవనాధారం. వారి నష్టం కుటుంబంలోనే ఇంకిపోయింది, అందువల్ల చరిత్రలో దానికి తేదీ పడలేదు. తేదీ లేదు కాబట్టి మలుపు కాదంటే, ఆ ఆడవాళ్ళు చరిత్రలో లేరని అన్నట్టే. దయచేసి మీ పత్రంలో ఈ మాట రాయండి.


సమాధానం (ఉక్కునగరం నుంచి, విశ్రాంత ఉద్యోగి)

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో, బొగ్గును కోక్‌గా మార్చే ఓవెన్ల దగ్గర పనిచేసి పదవీ విరమణ చేశాను. మీ జాబితా 1914తో ఆగిపోవడం చూసి రాస్తున్నాను. నా దృష్టిలో 20వ శతాబ్దపు ఐరోపాకు అతి పెద్ద మలుపు 1950 మే 9. ఆ రోజు ఫ్రాన్సు విదేశాంగమంత్రి రాబర్ట్ షూమన్, ఫ్రాన్సు, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి అధికారం కింద పెడదామని ప్రతిపాదించాడు.

బొగ్గూ ఉక్కే ఎందుకో మా వంటివారికి వెంటనే అర్థమవుతుంది. ఇనుపరాయి ఒక్కటే ఉంటే అది రాయి మాత్రమే. కోక్ అయ్యే బొగ్గు తోడైతేనే కొలిమి వెలుగుతుంది. మా కర్మాగారానికి ఇనుపరాయి బైలదిల్లా కొండల నుంచి రైలు మీద వస్తుంది, కోక్ బొగ్గులో ఎక్కువ భాగం ఓడల మీద వస్తుంది. రెండింటిలో ఏది ఆలస్యమైనా కొలిమి దగ్గర నిలబడినవారి గుండె గుబగుబలాడుతుంది. ఐరోపాలో ఇనుపరాయి ఫ్రాన్సు సరిహద్దులోని లొరేన్‌లో ఉంది, మంచి కోక్ బొగ్గు జర్మనీలోని రూర్ లోయలో ఉంది. ఆ రెండింటినీ ఒకే చేతిలో పెట్టుకోవాలన్న ఆశ ఆ సరిహద్దును మండిస్తూనే ఉంది. 1871లో లొరేన్‌లో ఒక భాగం జర్మనీకి పోయింది, మొదటి యుద్ధం తరువాత ఫ్రాన్సుకు తిరిగి వచ్చింది, 1940లో మళ్ళీ పోయింది, రెండవ యుద్ధం చివర మళ్ళీ వచ్చింది. ఆ గడ్డ మీద ఊరు కదలకుండా ఉన్న ముసలివాడు నాలుగుసార్లు జెండా మారడం చూసి ఉంటాడు.

అటువంటి చోట, గెలిచినవాడు ఓడినవాడి గనిని లాక్కోకుండా, ఇద్దరి గనులనూ ఒకే లెక్కలో వేద్దామన్నాడు. 1951లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నేటి యూరోపియన్ యూనియన్ ఆ బొగ్గు, ఉక్కు సంఘం నుంచే పెరిగింది. యుద్ధానికి పనికొచ్చే సరుకును ఎవరూ ఒంటరిగా తయారు చేసుకోలేకుండా చేయడం నాకు తెలిసిన గొప్ప ఆలోచనల్లో ఒకటి.

మరొక మలుపును నేను దగ్గరుండి చూశాను. మా కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టినది. 1917 రష్యా విప్లవం లేకపోతే బహుశా ఆ సహకారమే ఉండేది కాదు. మాతో కలిసి పనిచేసిన నిపుణుల్లో ఒకాయన, 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయినట్టు రేడియోలో విన్న మరునాడు, తన పాస్‌పోర్టు తెరిచి మాకు చూపించాడు. అందులో రాసి ఉన్న దేశం లేదు. ఆయన సొంతూరు ఉక్రెయిన్‌లో ఉంది. "ఇప్పుడు నేను ఏ దేశానికి వెళ్ళాలి?" అని దుబాసీ ద్వారా అడిగితే, మేమెవ్వరమూ జవాబు చెప్పలేకపోయాము. ఆర్.కె. బీచిలోని కురుసుర జలాంతర్గామిని చూసినప్పుడల్లా ఆ సంగతి గుర్తుకొస్తుంది. 1969లో అది మన నౌకాదళంలో చేరింది రీగా రేవులో. అప్పుడది సోవియట్ నగరం, ఇప్పుడు లాట్వియా రాజధాని. ఆ లాట్వియా 2004 నుంచి, నేను పైన చెప్పిన ఆ బొగ్గు, ఉక్కు సంఘం వారసత్వమైన యూనియన్‌లోనే సభ్యదేశం.


సమాధానం (భీమిలి నుంచి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

పొందూరు ఆడపడుచు రాసినదాని ముందు నా రెండు పరీక్షలకు మూడవది చేర్చుకోవలసి వస్తోంది. ఆ నష్టాన్ని ఎవరు మోశారన్నది కూడా చూడాలి. ఉక్కునగరం సోదరుడు చెప్పిన 1950ని నేను తరగతిలో ఎప్పుడూ అర గంట కంటే ఎక్కువ చెప్పలేదు. ఆ లోటు ఇప్పుడు తెలుస్తోంది.

ఇక అమ్మా, 1789లో చేతితో పట్టుకోగలిగినది అడిగారు. పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి ఏదైనా కూరగాయల అంగడి దగ్గర త్రాసులోని కిలో రాయిని చేతిలోకి తీసుకోండి.

విప్లవానికి ముందు ఫ్రాన్సులో ఒక్కొక్క జమీందారు ఇలాకాకు ఒక్కొక్క కొలత ఉండేది. ధాన్యం శిస్తు కొలిచే పాత్ర దొర చేతిలోదే. పాత్ర కాస్త పెద్దదైతే రైతు నోటికాడి గింజ పోయేది. 1789లో ఊరూరి నుంచి రాజుకు పంపిన విన్నపాల్లో ఈ కొలతల మోసం మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి. అందుకే విప్లవ ప్రభుత్వం ఏ దొరదీ కాని, ఏ రాజు పాదంతోనూ ముడిపడని కొలత కావాలనుకుంది. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖకు ఉన్న దూరంలో కోటవ వంతును మీటరు అన్నారు. 1795 ఏప్రిల్‌లో చట్టం చేశారు. 1799లో ప్లాటినంతో మీటరు, కిలోగ్రాము నమూనాలు తయారయ్యాయి. ఆ తరువాత రాజులు తిరిగి వచ్చారు, నెపోలియన్ కొంతకాలం పాత కొలతలకు చోటిచ్చాడు, అయినా మీటరు పోలేదు.

మనకు అది బ్రిటిషువారి చేతుల మీదుగా రాలేదన్న విషయం ప్రత్యేకంగా రాయండి. వారి కాలంలో మనం వీశెలు, మణుగులు, కుంచాలు, మానికలు, సోలలతోనే బతికాము. రూపాయికి 16 అణాలు. స్వతంత్రం వచ్చాక మనంతట మనమే 1956లో తూనికలు, కొలతల చట్టం చేసుకున్నాము. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. మా నాన్నగారు కొన్నేళ్ళు అణాల్లో లెక్కకట్టి పైసల్లో చెల్లించేవారు. అణాకు ఆరు నయాపైసలా, ఆరుంబావా అని కొట్టు దగ్గర జరిగే వాదన నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. మనల్ని ఏలినవారు వద్దనుకున్న కొలతను, వారి శత్రువుల విప్లవం నుంచి మనం ఎన్నుకున్నాము. మలుపులన్నీ జయించినవాడి ఓడ ఎక్కే రావు.

యానాం విషయం మీ పత్రంలో ఎక్కడైనా ఒక వాక్యంగా వస్తే చాలు. ఏడేళ్ళ యుద్ధం తరువాత పరాసులకు తిరిగి దక్కిన ఆ చిన్న ముక్కలో 1954 వరకు వారి చట్టమే నడిచింది. బాల్యవివాహాలను అడ్డుకునే 1929 నాటి శారదా చట్టం అక్కడ చెల్లదు కాబట్టి, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేయదలచినవారు మన జిల్లాల నుంచి బళ్ళు కట్టుకుని అక్కడికి వెళ్ళేవారు. అందుకే దానికి కల్యాణపురం అని పేరు పడింది. మానవహక్కులను ప్రకటించిన దేశపు నీడలో పసిపిల్లల మెడలో తాళి పడింది. ఇది కూడా ఆ చరిత్రలో భాగమే, దాచకండి.

పారిస్ దగ్గర భద్రపరిచిన లోహపు ముద్దతో కిలోగ్రామును నిర్వచించే పద్ధతి 2019 మే 20న ముగిసింది. ఇప్పుడు దానిని ప్రకృతిలోని ఒక స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు. దొర పాత్ర నుంచి తప్పించుకోవాలన్న ఆ రైతుల కోరిక తీరడానికి 230 ఏళ్ళు పట్టింది. మీ సెమినారు అయ్యాక పత్రం నకలు ఒకటి నాకు పంపండి. మీ నాన్నగారిని కూడా తీసుకుని భీమిలి రండి, ఆ పలక మీది అక్షరాలు కలిసి చదువుదాము.